పళ్ళెం దాటిపోయిన ఆదివారాలు

నాకు కోపం ఎక్కువ. మా అమ్మ నా చిన్నప్పటినుంచీ అంటూనే ఉంది, ఈ పిల్ల నోరు ఈ పిల్లని ఎక్కడా నిలవనివ్వదని. అమ్మ అన్నమాట ఢిల్లీలో అక్షరాలా నిజమైంది. ఆ సంగతే చెప్తాను, నన్ను నేను మంచిదాన్ని చేసుకోకుండా.

తొంభైల మొదట్లో సెంట్రల్ గవర్నమెంటులో స్టెనో ఉద్యోగం వచ్చి ఢిల్లీ వెళ్ళాను. సరోజినీ నగర్‌లో ఒక పంజాబీ కుటుంబం వాళ్ళ క్వార్టర్లో వెనకవైపు వరండాకి తలుపులు బిగించి నాకు అద్దెకిచ్చారు. అప్పటికి నాకు ముప్ఫై ఏళ్ళు. మా ఆయన గుంటూరులో ఇంకొకావిడతో కాపురం పెట్టేశాడు. నేను ఏడుస్తూ కూర్చోలేదు, పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్నాను. కానీ అక్కడి మా తెలుగు క్రైస్తవ సంఘంలో అడిగినవాళ్ళందరికీ మాత్రం "ఆయన వైజాగ్‌లో ఉన్నారండీ, ట్రాన్స్‌ఫర్ కోసం చూస్తున్నారు" అని చెప్పేదాన్ని. పాపం వాళ్ళు ఆ ట్రాన్స్‌ఫర్ కోసం రెండేళ్ళు ప్రార్థన చేశారు. నేనూ కళ్ళు మూసుకుని ఆమెన్ అనేదాన్ని.

మా తెలుగు సంఘానికి సొంత గుడి లేదు. హిందీవాళ్ళ ఆరాధన అయిపోయాక, మధ్యాహ్నం మూడింటికి ఆ హాలు మాకిచ్చేవాళ్ళు. ఒక నలభై యాభై మందిమి. గుంటూరు, ఏలూరు, నెల్లూరు, కొందరు వరంగల్ వైపు వాళ్ళు. వారమంతా "జీ సర్, అచ్ఛా సర్" అని నలిగిన నాలుకలు ఆ రెండు గంటలు తెలుగులో విప్పుకునేవి. శనివారం సాయంత్రాలు స్త్రీల కూడిక, ఒక్కో వారం ఒక్కో ఇంట్లో. పాట, వాక్యం, ఆ తర్వాత ఒక్కొక్కరూ తమ ప్రార్థన విన్నపం చెప్పాలి. కొడుకు పరీక్ష, మోకాళ్ళ నొప్పి, అత్తగారి మనసు మార్పు. అందరి విన్నపాలూ కలిపి చివర్లో ఒకావిడ పెద్దగా ప్రార్థన చేసేది. ఆవిడ్ని నేను అక్క అనేదాన్ని.

అక్కకి యాభై దాటాయి. మయూర్ విహార్‌లో రెండు గదుల ఫ్లాటు. ఆవిడ భర్త కూడా సర్కారు ఉద్యోగే, బావగారు అనేదాన్ని. మొదటి ఆదివారమే ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఏమే, ఇంత బక్కగా ఉన్నావు, వండుకుంటున్నావా, ఛాయ్ తాగి పడుకుంటున్నావా?" అంది. అబద్ధమెందుకు, ఛాయ్ తాగే పడుకుంటున్నాను. ఆ రోజునుంచి ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను వాళ్ళింటికి లాక్కెళ్ళి అన్నం పెట్టేది. ఢిల్లీలో నన్ను "ఏమే" అన్న మనిషి ఆవిడొక్కతే.

ఒక వర్షాకాలం నాకు కామెర్లు వచ్చాయి. అక్క వచ్చి నా బట్టలు సంచిలో కుక్కి వాళ్ళింటికి తీసుకుపోయింది. ఇరవై రోజులు నన్ను మంచం దిగనివ్వలేదు. బావగారు ఆఫీసుకెళ్ళాక ఇద్దరమే. ఒక మధ్యాహ్నం ఆవిడ తనకి పోయిన బిడ్డల సంగతి చెప్పింది. ఇద్దరు కడుపులోనే పోయారు. మూడోవాడు పుట్టి పదకొండు రోజులు బతికాడు. ఆ పదకొండు రోజుల్లో వాడు ఎటు తిరిగి పడుకునేవాడో, ఏ చేతిని నోట్లో పెట్టుకునేవాడో కూడా చెప్పింది. ఆయన ముందు ఈ మాట ఎత్తనే, తట్టుకోలేరు, నీకే చెప్తున్నా అంది. అంత విన్నాక నా కడుపులోదీ ఆగలేదు. వైజాగూ లేదు, ట్రాన్స్‌ఫరూ లేదు అని మొత్తం కక్కేశాను. "ఎవరికీ చెప్పకక్కా" అన్నాను. "పిచ్చిదానా, ప్రభువుకి తప్ప ఎవరికి చెప్తానే" అంది.

ఆ మాట తప్పలేదు ఆవిడ. ప్రభువుకే చెప్పింది. పధ్నాలుగు మంది ఆడవాళ్ళ మధ్య, గొంతెత్తి, కన్నీళ్ళతో చెప్పింది.

నేను కోలుకున్న నెలలోనే, ఒక శనివారం కూడికలో జరిగింది. విన్నపాలన్నీ అయ్యాయి, అందరం కళ్ళు మూసుకున్నాం, అక్క ప్రార్థన మొదలుపెట్టింది. మోకాళ్ళూ పరీక్షలూ అయ్యాక ఆవిడ ఇంకో విన్నపం ఎత్తుకుంది. "ప్రభువా, పేరు చెప్పను గానీ మా మధ్యే ఒక చెల్లి ఉంది, సరోజినీ నగర్‌లో ఒంటరిగా ఉంటోంది, స్టెనో ఉద్యోగం చేసుకుంటోంది..." పేరొక్కటే తక్కువ, ఇంకేం కావాలి! గుంటూరులో ఉన్న రెండో ఆవిడతో సహా అన్నీ వచ్చేశాయి. నేను కళ్ళు తెరిచి చూశాను. అందరి కళ్ళూ తెరిచే ఉన్నాయి, నావైపే. అక్క ఒక్కతే కళ్ళు గట్టిగా మూసుకుని, చెంపలమీద నీళ్ళు కారుతూ, నా కోసం దేవుణ్ణి బతిమాలుతోంది.

ఆమెన్ అనకముందే చెప్పులేసుకుని బయటపడ్డాను. ఒళ్ళంతా మంట. రెండేళ్ళ ట్రాన్స్‌ఫర్ అబద్ధానికి అందరి ముందూ బట్టలిప్పినట్టయింది. మర్నాడు ఆరాధనకి వెళ్తే ఎవరూ ఏమీ అడగలేదు. అదే ఇంకా నరకం. ఒకావిడ నా వీపు నిమిరింది. పాస్టరమ్మగారు పక్కకి పిలిచి, నీ భర్త మనసు మారడానికి మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెడదామమ్మా అన్నారు. ఆయన మనసు మారి ఢిల్లీ వచ్చేస్తే నా గతేం కాను? ఆయన నాకొద్దు మొర్రో అని ఎవరికి చెప్పుకోను?

ఆ సాయంత్రమే అక్క రెండు బస్సులు మారి నా గదికొచ్చింది. గుమ్మంలోనే నిలబెట్టేశాను. "ఎవరికీ చెప్పనన్నావు" అన్నాను. "ప్రభువుకే చెప్పానే, నా మనసు ఆగలేదు" అంది. ఆవిడ నిజంగానే ఆ మాట నమ్మి అంటోంది. అది చూసి నాకు ఇంకా ఒళ్ళు మండింది. నోటికి ఏదొస్తే అది అన్నాను. ఏదొస్తే అది అని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను గానీ, అన్నమాట నాకు బాగానే గుర్తుంది. "నీ ఒళ్ళో ఒక్క బిడ్డన్నా నిలిచుంటే పక్కవాళ్ళ కాపురాల మీద ఏడ్చే తీరిక నీకుండేది కాదు" అన్నాను. ఆవిడ పైట సర్దుకుని గేటుదాకా నడిచింది. గేటు గడియ తీయడం ఆవిడకి చేతకాలేదు, మా ఇంటి పంజాబీ ఆంటీ వచ్చి తీసింది.

ఆ తర్వాత ఏడాదిన్నర నేను తెలుగు సంఘం గడప తొక్కలేదు. అక్క నుంచి ఒక ఇన్లాండు లెటర్ వచ్చింది. విప్పకుండానే చించేశాను. ఒక పెద్ద ఇంగ్లీషు చర్చికి వెళ్ళడం మొదలుపెట్టాను. అక్కడ ఐదొందల మంది, ఎవరికెవరూ తెలీదు. గుమ్మంలో గుడ్ మార్నింగ్, వెళ్ళేటప్పుడు గాడ్ బ్లెస్ యూ, అంతే. మొదటి నెల హాయిగా అనిపించింది.

రెండో నెలనుంచి తెలిసొచ్చింది. ఆదివారం పదకొండింటికి ఆరాధన అయిపోయేది, రాత్రిదాకా నాతో మాట్లాడే ప్రాణి లేదు. సరోజినీ నగర్ మార్కెట్‌కి పోయి కొననివాటికి బేరాలాడేదాన్ని. "భయ్యా, ఇదెంత?" అంటే వాడు నాలుగు మాటలంటాడు, నేను నాలుగంటాను, అదో కాలక్షేపం. కొన్నాళ్ళకి వాళ్ళూ నన్ను గుర్తుపట్టి, ఈ దీదీ కొనదులే అని మొహం తిప్పేసుకున్నారు. అన్నం ఒక పూట వండి రెండు పూటలు తినేదాన్ని. చలికాలం పొద్దున్నే మంచులో బస్టాపులో నిలబడి, నాలో నేనే తెలుగులో గొణుక్కునేదాన్ని. క్రిస్మస్‌కి మా తెలుగువాళ్ళు పాటలు పాడుకుంటూ మా వెనక బ్లాకుకొచ్చారు. అక్క గొంతు వినిపిస్తుందేమోనని లైటు తీసేసి కిటికీ దగ్గర నిలబడ్డాను. వినిపించలేదు. ఎందుకో ఆ రోజు చాలాసేపు ఏడ్చాను.

అయినా తగ్గానా? తగ్గలేదు. నెలనెలా ఆ ఇంగ్లీషు చర్చిలో ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళి, ఆయన శరీరానికి గుర్తుగా ఇచ్చే రొట్టె తీసుకునేదాన్ని, ఏ బెరుకూ లేకుండా. మా తెలుగు సంఘంలో బల్ల తీసుకోవడం అంత తేలిక కాదు. నెలలో మొదటి ఆదివారం రొట్టె ముక్కలున్న పళ్ళెం వరసల్లో చేతినుంచి చేతికి వస్తుంది. ఎవరిమీదైనా మనసులో కక్ష ఉన్నవాళ్ళు ముట్టకుండా పక్కవాళ్ళకి ఇచ్చేయాలి. యాభై మంది చూస్తుండగా పళ్ళెం దాటించడమంటే మాటలు కాదు. ఇంగ్లీషు చర్చిలో నన్ను చూసేదెవరు? పైగా తప్పు చేసింది ఆవిడ, నాకెందుకు బెరుకు అనుకునేదాన్ని.

ఒకరోజు భోజనాల వేళ బావగారు మా ఆఫీసు గేటు దగ్గరికొచ్చారు. మనిషి చిక్కిపోయారు. "వచ్చే నెల రిటైరవుతున్నానమ్మా, ఫ్లాటు ఖాళీ చేసి బాపట్ల వెళ్ళిపోతున్నాం" అన్నారు. కాసేపు ఆ కబురూ ఈ కబురూ చెప్పి, ఆఖర్న అసలు మాట తీశారు. "మీ అక్క ఏడాదిన్నరగా బల్ల తీసుకోవట్లేదు. పళ్ళెం వస్తే పక్కకిచ్చేస్తుంది. స్త్రీల కూడిక కూడా మానేసింది. అడిగితే చెప్పదు. మీ ఇద్దరికీ ఏం జరిగిందో నాకు తెలీదు గానీ, వెళ్ళేలోపు ఒక్కసారి రామ్మా."

విని నాకేమనిపించిందో దాచను. సంతోషమేసింది. ఓహో, చేసిన పని ఆవిడ్ని తింటోందన్నమాట, తిననీ అనుకున్నాను. రెండు రోజులు ఆ సంతోషంమీదే గడిపాను. మూడోరోజుకి మనసు పెద్దది చేసుకుని, సరే, క్షమించేద్దాం అని నిర్ణయించాను. శనివారం యాపిల్స్ కొనుక్కుని బస్సెక్కాను. యమున వంతెన దాటేంతసేపూ ఏం మాట్లాడాలో లోపల్లోపల చెప్పుకుంటూనే ఉన్నాను. స్టెనోని కదా, డిక్టేషన్ బాగా కుదిరింది.

తలుపు అక్కే తీసింది. జుట్టు సగానికి పైగా తెల్లబడింది. లోపలికి రమ్మంది, మంచినీళ్ళిచ్చింది, ఎదురుగా కూర్చుంది. నేను మొదలుపెట్టాను. "జరిగిందేదో జరిగిందక్కా. నేను మనసులో ఏమీ పెట్టుకోలేదు. నిన్ను క్షమించాను. ఇక నువ్వు బాధపడకు, ఈ నెలనుంచి బల్ల తీసుకో."

అక్క నావైపు అర్థంకానట్టు చూసింది.

"నా తప్పుకి నేను ఆ రోజే ఏడ్చి ఒప్పుకున్నానే. ప్రభువు దగ్గరా ఒప్పుకున్నాను, నీకూ ఉత్తరం రాశాను. నువ్వు క్షమిస్తే సంతోషమే. కానీ నేను బల్ల తీసుకోనిది దానికి కాదు."

"మరి?"

"నేను నిన్ను క్షమించలేక."

నేనన్న మాటని ఆవిడ అక్షరం పొల్లుపోకుండా నాకు తిరిగి చెప్పింది. కోపంగా కాదు, పద్దు చదివినట్టు చెప్పింది. "ఆ పదకొండు రోజుల సంగతి నేను ఈ భూమ్మీద ఎవరికీ చెప్పలేదు. నీకొక్కదానికే చెప్పాను. నువ్వు దాన్ని తీసుకుని నా మొహాన కొట్టావు. ప్రతి నెలా పళ్ళెం వచ్చేటప్పుడు, ఈసారి క్షమించేస్తాననుకుంటాను. పళ్ళెం చేతికి రాగానే నీ మాట వినిపిస్తుంది. దాటించేస్తాను. అబద్ధంగా తినలేను కదే."

ఆవిడ నా రహస్యాన్ని దేవుడి దగ్గరికి తీసుకెళ్ళింది, తెలివితక్కువగానే కానీ ప్రేమతో. నేను ఆవిడ రహస్యాన్ని కత్తిలా వాడాను, తెలిసి తెలిసి. ఏడాదిన్నర నేను అన్యాయమైపోయినదాన్నని కుమిలిపోయాను, ఒక్క ఆదివారం కూడా ఈ వైపునుంచి ఆలోచించలేదు. ఏడ్చాను. క్షమించక్కా అని ఆవిడ మోకాళ్ళు పట్టుకున్నాను.

"నోటితో అనమంటే ఇప్పుడే అంటానే. నోటిమాట వద్దు. నువ్వు వెళ్ళు" అంది. యాపిల్స్ కూడా తీసుకెళ్ళమంది.

ఆ రాత్రంతా నాకు వెళ్ళి ఇంకా ఏదో చెప్పాలనిపించింది. చెప్పడానికేం మిగల్లేదు. తర్వాతి శనివారం ఊరికే వెళ్ళాను. ఇల్లంతా సామాన్లు పరిచి ఉన్నాయి. బావగారు, "మంచిదమ్మా వచ్చావు, నా నడుము వంగట్లేదు" అన్నారు. అక్క పొమ్మనలేదు. కొంగు బిగించి కూర్చుని స్టీలు గిన్నెలు పాత పేపర్లలో చుట్టాను. ఆదివారాలు నాకు వడ్డించిన గిన్నెలే అన్నీ. ఆ నెలలో నాలుగు శనివారాలు వెళ్ళాను. పరుపులు చుట్టాను, పెట్టెలకి తాళ్ళు కట్టాను, అటకలు దులిపాను. అక్క నాతో అన్న మాటలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. "ఆ తాడు ఇటివ్వు." "అది ముక్కాలిపీట, అడ్డంగా పెట్టు." ఒకే గదిలో మూడడుగుల దూరంలో కూర్చుని నేను అంత ఒంటరిగా ఎప్పుడూ లేను. మార్కెట్లో బేరాలాడుకుంటూ తిరిగినప్పుడే నయం. అయినా మళ్ళీ శనివారం ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని.

ఆఖరి శనివారం బావగారు లారీ మాట్లాడటానికి వెళ్ళారు. ఇద్దరం దుప్పట్లు మడత పెడుతున్నాం, చెరో అంచూ పట్టుకుని. అక్క మడత మధ్యలో ఆగింది.

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ మాట ఆ రోజు కోపంలో పుట్టిందా, అంతకుముందే నీ మనసులో ఉందా?"

కోపంలోనే అక్కా అనేస్తే సరిపోయేది. ఆవిడ నమ్మేది కూడా. నోటిదాకా వచ్చింది. దుప్పటి అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"ముందే ఉందక్కా" అన్నాను. "నీ ఇంట్లో అన్నం తినేటప్పుడు, బావగారు నీకు మంచినీళ్ళు అందించినప్పుడల్లా నాకు కడుపు మండేది. ఇంత చక్కటి మొగుడున్నాడు, పోనీలే, పిల్లలైతే లేరుగా అనుకుని తృప్తిపడేదాన్ని. నువ్వు ఆ బిడ్డ సంగతి చెప్తుంటే ఏడ్చాను, ఆ ఏడుపు నిజమే. ఇదీ నిజమే."

అక్క దుప్పటి నా చేతుల్లోంచి తీసుకుని, మిగతా మడత తనే పెట్టుకుంది. "ఇవాళ్టికి చాలు, వెళ్ళు" అంది. మెట్లు దిగుతూ, ఉన్న ఆ కాస్తా పోగొట్టుకున్నాను అనుకున్నాను. అబద్ధమాడి ఉండాల్సిందని బస్సులో దారంతా తిట్టుకున్నాను.

మర్నాడు మొదటి ఆదివారం. బుధవారం వాళ్ళ ప్రయాణం. వాళ్ళు వెళ్ళాక నేను ఢిల్లీలో ఇంకో ఆరేళ్ళున్నాను. ఆ ఆరేళ్ళలో నన్ను "ఏమే" అన్నవాళ్ళు లేరు. అక్క ఇదే ఊళ్ళో ఉన్న ఏడాదిన్నర నా మొండితనానికి ఖర్చయిపోయిందని ప్రతి ఆదివారం అనిపించేది. క్షమాపణ దొరికినంత మాత్రాన పోయిన కాలం తిరిగి రాదు, ఆ సంగతి ఏ ప్రసంగంలోనూ నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ మొదటి ఆదివారం తెలుగు సంఘానికి వెళ్తే అక్క నాలుగో వరసలో కూర్చుని ఉంది. పక్కన ఖాళీ ఉంది. వెళ్ళి కూర్చున్నాను. ఆవిడ జరగలేదు, నావైపు చూడలేదు. నన్ను చూసి రెండు వరసలు గుసగుసలాడాయి. పాటయింది, ప్రార్థనయింది. పళ్ళెం మూడో వరస దాటి మా వరసలోకి వచ్చింది. నేను నేలవైపు చూస్తూ కూర్చున్నాను. పళ్ళెం అక్క ఒళ్ళోకి వచ్చి ఆగింది. ఎంతసేపు ఆగిందో తెలీదు గానీ, వరస చివర నిలబడ్డ సంఘపెద్ద దగ్గాడు. అప్పుడు ఆవిడ చెయ్యి కదిలింది. ఒక ముక్క తీసుకుంది. నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది, మింగుడు పడనట్టు.

తర్వాత పళ్ళెం నావైపు జరిపింది. నా చేతులు లేవలేదు. నాకు ఆ అర్హత ఎక్కడిది? కళ్ళు కనబడక, పక్కవాళ్ళకి దాటించేద్దామని తడుముకుంటున్నాను. అక్క పళ్ళెం వదల్లేదు. నావైపు వంగి, అందరికీ వినబడేలా గదమాయించింది.

"తీసుకోవే. నేనే తీసుకున్నాను, నీకేమొచ్చింది?"